మునగని అల్లుడు

ఆ రోజుల్లో నేను పేపరు తెగ చదివేవాణ్ణి. ఉద్యోగాల కోసం కాదు, క్రికెట్టు కోసమూ కాదు. జిల్లా పేజీలో ఏదో ఒక మూల చిన్న అక్షరాలతో వేసే ఒకే ఒక్క వార్త కోసం. డెల్టా కాలువలకి నీళ్ళు ఎప్పుడు వదులుతారు? మా వైపు రైతులందరూ నారుమడులు పోసుకోవాలని ఆ వార్త కోసం ఎదురుచూస్తుంటే, నేనొక్కణ్ణీ ఆ వార్త రాకూడదని ఎదురుచూసేవాణ్ణి. (రైతు సోదరులు క్షమించాలి. ఎవరి బాధ వాళ్ళది.) వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు కదా, అవి అలా కట్టేసినట్టే ఉండిపోతే నేను బతికిపోతాను. నీళ్ళు వదిలారో, నన్ను కడియం కాలువలోకి దింపి ముంచేస్తారు. ముంచేది పగవాళ్ళు కూడా కాదు, నాకు పిల్లనిద్దామనుకుంటున్న కాబోయే మావగారు.

నాకు నీళ్ళంటే భయం. కాలువ గట్టున పుట్టి, గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాడు ఈ మాట చెప్పుకోవడానికే సిగ్గుపడాలి. పాలకొల్లు దగ్గర మా ఊరి రేవులో చిన్నప్పుడు ఓసారి జారి, గుర్రపుడెక్క కిందికి వెళ్ళిపోయాను. బట్టలుతుక్కుంటున్న ఎవరో ఆవిడ జుట్టు పట్టుకుని పైకి లాగింది కాబట్టి ఇప్పుడిది రాస్తున్నాను. కానీ ఆ ఆకుల కింది పచ్చటి చీకటి నా కళ్ళలోంచి పోలేదు. తలస్నానం కూడా కళ్ళు మూసుకోకుండా చేసేవాణ్ణి, సబ్బు మండితే మండనీ అని. ఇలాంటివాడికి దేవుడు ఏ ఉద్యోగం ఇచ్చాడయ్యా అంటే, భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షచేసే ల్యాబులో. తోటి కుర్రాళ్ళు ప్యాంటు పైకి మడిచి చెరువులో దిగి సీసా నింపుకొచ్చేవాళ్ళు. నేను సీసా మెడకి తాడుకట్టి గట్టు మీంచి విసిరేవాణ్ణి. "ఏంటండీ, గేలం వేస్తున్నారా?" అని రైతులు అడిగితే, "ఇది కొత్త పద్ధతండి" అని ఎటో చూసేవాణ్ణి.

ఇక మా చర్చి సంగతి. దానికి అసలు పేరు వేరే ఉందిగాని, పెద్ద గంట ఉంది కాబట్టి ఊళ్ళో అందరూ గంట చర్చి అంటారు. మాలో పసిపిల్లలుగా ఉన్నప్పుడే పాస్టరుగారు నుదుటిమీద కాసిని నీళ్ళు చిలకరిస్తారు. బాప్తిస్మం అయిపోయినట్టే. ఎంత మంచి పద్ధతో చూడండి! కడియం వాళ్ళది మందిరం. అక్కడ గంట ఉండదు, అంగీ వేసుకున్న పాస్టరు ఉండడు, అందరూ చాపల మీద కూర్చుంటారు, ఆడవాళ్ళు నగలు పెట్టుకోరు. మనిషి పెద్దయ్యాక తనంతట తాను నమ్మి, పారే నీళ్ళలో నిలువునా మునిగితేనే వాళ్ళ లెక్కలో బాప్తిస్మం. మా వాళ్ళు వాళ్ళని 'ముంచేవాళ్ళు' అనేవారు, వాళ్ళు మమ్మల్ని 'చిలకరింపువాళ్ళు' అనేవారు. ఎదురుపడితే ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటారు, ఆసుపత్రిలో ఉంటే వచ్చి ప్రార్థన చేస్తారు. పిల్లనిచ్చి పుచ్చుకునే మాట వచ్చేసరికి మాత్రం మధ్యలో కాలువ అడ్డం.

అలాంటి చోట మా పిన్ని నాకు సంబంధం చూసింది. పిల్ల తండ్రికి కడియంలో మొక్కల నర్సరీ. పిల్ల రాజమండ్రిలో ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. పెళ్ళిచూపులకి నేను, నాన్న, మా మామ్మ వెళ్ళాం. మెడలో గొలుసైనా లేకుండా, నూలుచీరలో వచ్చి కూర్చున్న ఆ అమ్మాయిని చూడగానే నాకు నచ్చేసింది. నేను కూడా నచ్చినట్టే ఉన్నాను, ఎందుకంటే నా ఉద్యోగం గురించి అడిగి, చెప్పిందంతా శ్రద్ధగా విన్నది. (రొయ్యల చెరువులో అమ్మోనియా గురించి అంతసేపు విన్నవాళ్ళు ఆవిడకి ముందూ లేరు, తర్వాతా లేరు.) అంతా బాగానే ఉందనుకుంటుండగా, నర్సరీ మావయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"అబ్బాయికి బాప్తిస్మం అయిందాండి?"

"ఆయ్, అయిందండి. మూడో నెల్లోనే," అన్నారు నాన్న.

"మూడో నెల పిల్లాడు ఏం నమ్ముతాడండీ?"

"అమ్మని నమ్ముతాడండి. అప్పటికి అది చాలదా ఏంటి?" అంది మా మామ్మ.

మావయ్యగారు నొచ్చుకోలేదు. చాలా మెత్తటి మనిషి ఆయన, కానీ మెత్తగా ఉంటూనే ఒక్క అంగుళం కదలరు. "మీ విశ్వాసాన్ని తక్కువ చెయ్యడం కాదండి. మునగనివాడికి పిల్లనివ్వడానికి మా సంఘం ఒప్పుకోదు, నా మనసూ ఒప్పుకోదు. అబ్బాయి ఇష్టపడి మునిగితే నాకంటే సంతోషించేవాడు ఉండడండి. ఇప్పుడంటే కాలువ కట్టేసుంది. నీళ్ళు వదలగానే పెట్టుకుందాం," అన్నారు. మునగడమంటే మొదటిది చెల్లదని ఒప్పుకున్నట్టేనని నాన్న ముఖం ఎర్రబడింది. అందరూ నావైపు తిరిగారు. "ఏం అబ్బాయ్, నీ మాటేంటి?" అన్నారు మావయ్యగారు. నా కళ్ళ ముందు గుర్రపుడెక్క కదిలింది.  ఎంత చిన్నగా అందామనుకున్నానో అంత పెద్దగా వచ్చేసింది మాట: "నేను మునగనండి!"

అక్కడితో నా బతుకు మారిపోయింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్న నా భుజం మీద చెయ్యివేసి, కళ్ళు తుడుచుకుని, "పిల్ల నచ్చినా విశ్వాసం వదల్లేదు రా నువ్వు" అన్నారు. మామ్మ ఊళ్ళో ఏ గుమ్మం ఎక్కినా నా కథే చెప్పింది. ఆదివారం పాస్టరుగారు ప్రసంగంలో, పేరు చెప్పకుండా, "మన సంఘంలోనే ఒక యవ్వనస్థుడు సింహంలా నిలబడ్డాడు" అని నావైపే చూస్తూ అన్నారు. ఆ సింహం మూడో బెంచీలో కూర్చుని చెమటలు కక్కుతోంది. అసలు సంగతి చెబుదామంటే ఇక దారి లేదు. ఒకసారి సింహమని పేరు పడ్డాక, నేను పిల్లినండీ అని చెప్పుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

కడియంవైపు ఇంకో రకం ఇబ్బంది. మావయ్యగారికి నా మీద గౌరవం పెరిగిపోయింది. రోజూ సాయంత్రం ఫోన్ చేసేవారు. "అబ్బాయ్, నువ్వు గట్టి మనిషివి. గట్టివాళ్ళతోనే వాక్యం మాట్లాడాలి," అని బైబిల్లో ఒకచోటు తీసి చదివేవారు. నాకేమో ఆ సిద్ధాంతాలు ఒక్కటీ తెలియవు. ఫోను చేత్తో మూసి నాన్నని అడిగితే, ఆయన ఉత్సాహంగా వేరేచోటు తీసి అందించేవారు. నేను దాన్ని అప్పజెప్పేవాణ్ణి. అలా నా నోటిమీదుగా పెద్దవాళ్ళిద్దరూ నెలరోజులకి పైగా వాదించుకున్నారు. మధ్యలో నేనొక లౌడ్‌స్పీకర్ని. ఎప్పుడైనా ధైర్యం చేసి, "కాలువలో ప్రవాహం బాగా ఉంటుందాండి?" అని అడిగితే, "నీళ్ళు కొత్తగా వదిలినప్పుడు మంచి వేగం ఉంటుంది బాబూ. పారే నీళ్ళు శ్రేష్ఠం," అని ఆయన సంతోషంగా చెప్పేవారు. ఆ రాత్రి నాకు అన్నం దిగేది కాదు.

నా గుట్టు బయటపెట్టింది లెక్కల టీచరు. ఒక ఆదివారం నర్సరీ చూపిస్తానని రమ్మంది. బంతి మడులూ, గులాబీ అంట్లూ దాటి వెళ్తుంటే మధ్యలో ఒక పంటబోదె అడ్డం వచ్చింది. దానిమీద తాటిదుంగ వేసుంది. కింద మోకాల్లోతు నీళ్ళు, మొక్కలకని మోటారుతో తోడి వదిలినవి. ఆవిడ టకటకా దాటేసి వెనక్కి చూసేసరికి నేను లేను. నర్సరీ మొత్తం చుట్టి, రోడ్డెక్కి, పెద్ద గేటులోంచి అవతలి వైపుకి వచ్చాను.

"అదేంటండీ, అంత చుట్టు తిరిగొచ్చారు?"

"మొక్కలన్నీ చూద్దామనండి."

ఆవిడ నా చెప్పులవైపూ, బోదెవైపూ, నా ముఖంవైపూ చూసింది. లెక్కల టీచరు కదా, కూడిక అయిపోయింది. "మీకు నీళ్ళంటే భయం కదూ?" అంది.

"దయచేసి ఎవరికీ చెప్పకండి."

"అయ్యో! మా నాన్న రోజూ మీకోసం ప్రార్థన చేస్తున్నారండి, 'ప్రభువా, ఆ గట్టి గుండెని మెత్తబరచు' అని."

"గుండె మెత్తగానే ఉందండి. గొడవంతా దాంతోనే."

ఆవిడ బంతి మడి పక్కన కూర్చుండిపోయి మరీ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, చీర కొంగు సరిచేసుకుంటూ మెల్లిగా చెప్పింది. రాజమండ్రి నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి సంబంధం వచ్చింది. మందిరంలో మునిగినవాడే. "కాలువకి నీళ్ళు వదిలేదాకా ఆగండి నాన్నా అన్నాను. ఆగారు. తర్వాత ఆగమనడానికి నా దగ్గర మాటేం ఉండదండి." అంతే అంది. మళ్ళీ ఆ దుంగ మీంచే వెళ్ళిపోయింది. నేను మళ్ళీ చుట్టు తిరిగే వెళ్ళాను. ఆవిడని వదులుకోవడమా, కళ్ళు మూసుకుని నీళ్ళలోకి వెళ్ళడమా? రెండింట్లో ఏది ఎక్కువ భయమో ఆ రోజుదాకా నేను తూచి చూసుకోలేదు.

వార్త రానే వచ్చింది. నీళ్ళు వదిలారు. మావయ్యగారికి ఫోన్ చేసి, "వస్తానండి" అన్నాను. ఆయన అవతల ఏడ్చేశారు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. సింహం మునగబోతోందని నాన్నకి ఎలా చెప్పను? పిన్ని చెవిలో మాత్రం వేశాను, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకుని. (మా పిన్ని సంగతి తెలిసి కూడా వేయించుకున్నాను చూడండి.) తెల్లబట్టలు ల్యాబు సంచిలో ఖాళీ సీసాల మధ్య కుక్కి, ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. దారి పొడుగునా రోడ్డు పక్కనే కాలువ. ఎర్రటి కొత్తనీరు గట్ల దాకా వచ్చి ఉంది. కిటికీ అద్దం మూసుకున్నాను.

రేవు దగ్గర సంఘమంతా నిలబడి పాడుతోంది. అందరికంటే ముందు, ఎండైనా వానైనా నల్లగొడుగు వదలని పెద్దాయన. సంఘానికి ఆయన మాటే చివరి మాట. పాస్టరు లేడు కాబట్టి వాళ్ళలో ముంచే పని మావయ్యగారిదే; ఆయన అప్పటికే నడుంలోతు నీళ్ళలో నిలబడి నాకోసం చెయ్యి చాపారు. మొదటి మెట్టు దిగాను. చల్లదనం అరికాలి నుంచి నెత్తిదాకా కొట్టింది. రెండో మెట్టు మీద నాచు. మూడోదాని తర్వాత మెట్టుందో లేదో కనబడదు, ఎర్రనీళ్ళు. పాటలో ఒక్క మాట కూడా నాకు వినబడడం లేదు, గుండె చప్పుడు తప్ప. ఎలాగో ఆయన చెయ్యి అందుకున్నాను. సరిగ్గా అప్పుడే గట్టుమీద ఆటో ఆగిన చప్పుడు. "ఒరేయ్! మునక్కురా!" అని మా మామ్మ గొంతు. పక్కన నాన్న. ఇక నా ముందు నీళ్ళు, వెనక నాన్న. పారిపోవడానికి ఆకాశం ఒక్కటే మిగిలింది.

పాట ఆగిపోయింది. మావయ్యగారు గట్టువైపు ఒకసారి చూసి, నావైపు తిరిగి, అందరినీ అడిగే ప్రశ్నే గట్టిగా అడిగారు. "బాబూ, ప్రభువుని నమ్మి, నీ ఇష్టంతోనే మునుగుతున్నావా?"

అవునండి అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటకోసమే అంతదూరం వచ్చాను. కానీ భయం బాగా ముదిరితే అబద్ధానికి కూడా ఓపిక ఉండదు. "నమ్మకం ఉందండి," అన్నాను పళ్ళు కొట్టుకుంటూ. "మునగడం మాత్రం మీ అమ్మాయికోసమండి. నాకు నీళ్ళంటే చచ్చేంత భయమండి."

"భయమా? మరి ఇన్నాళ్ళూ ఫోన్లో..."

"అది సిద్ధాంతం కాదండి. భయమేనండి. వాక్యాలన్నీ నాన్న చెప్పినవండి."

గట్టుమీద నాన్న ముఖం ఎలా ఉందో చూసే ధైర్యం లేకపోయింది. మామ్మ మాత్రం, "అనుకుంటూనే ఉన్నాను, వీడికి అంత సిద్ధాంతం ఎక్కణ్ణించి వచ్చిందా అని," అంది.  మావయ్యగారు నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుని, "పద బాబూ, పైకి పోదాం. ఇలా ముంచకూడదు," అన్నారు. బతికానురా దేవుడా అనుకున్నాను. ఆ సంతోషంలో కాలు చూసుకోలేదు. నాచు మెట్టు మీద పాదం జర్రున జారింది, ఆయన చేతిలోంచి నా చెయ్యి ఊడిపోయింది, నేను నిలువునా నీళ్ళ కిందికి వెళ్ళిపోయాను.

అక్కడ అంతా ఎర్రటి చీకటి. పైన ఎటో కింద ఎటో తెలియలేదు. ముక్కులోకి నీళ్ళు పోయాయి. అయిపోయాను అనుకున్నాను, సరదాకి కాదు, నిజంగానే. మెడ వెనక చొక్కా పట్టుకుని ఎవరో లాగారు. దగ్గుతూ పైకొచ్చేసరికి మావయ్యగారి ముఖం నాకంటే తెల్లగా పాలిపోయి ఉంది. నా వీపు నిమురుతూ, "ఉన్నావా నాయనా, ఉన్నావా" అంటున్నారు.

గట్టుమీద కూలబడి నీళ్ళు కక్కుతుంటే గొడుగు పెద్దాయన ముందుకొచ్చారు. "సహోదరుడా, పిల్లాడు పూర్తిగా మునిగాడు. తల కూడా మునిగింది, నేను చూశాను. నమ్మకం ఉందని నోటితోనూ చెప్పాడు. అయిపోయిందనుకుందాం. పెళ్ళికి మా అభ్యంతరం ఉండదు," అన్నారు. అది ఆయన మంచితనమే. అవునవును, అయిపోయిందని నేను అరుద్దామనుకున్నాను గాని, నోట్లోంచి నీళ్ళు తప్ప మాట రాలేదు. లెక్కల టీచరు తండ్రివైపే చూస్తోంది.

"కాలు జారితే బాప్తిస్మం కాదండి," అన్నారు మావయ్యగారు.

"ఆలోచించు. మునగనివాడికి పిల్లనిస్తే నిన్ను రొట్టె దగ్గర కూర్చోనివ్వలేం. నీకు తెలుసు కదా."

తెలుసు. ఆదివారం ఆరాధనలో ఒకే రొట్టె పళ్ళెంలో పెట్టి చేతులు మారుస్తారు. అందరూ తలా కాస్త తుంచుకుంటారు. వారమంతా ఆయన బతికేది దానికోసమే. ఒళ్ళంతా నీళ్ళు కారుతూ నిలబడే ఆయన జవాబు చెప్పారు. "తెలుసండి. అయినా జరగనిది జరిగిందని దేవుడిముందు చెప్పలేను. పిల్లనిమాత్రం ఈ అబ్బాయికే ఇస్తానండి. అంత భయం పెట్టుకుని నడుంలోతుదాకా వచ్చాడు, వచ్చి కూడా అబద్ధం ఆడలేదు. తండ్రిగా నేనింక చూడాల్సింది ఏముందండి?"

అప్పుడు నాన్న మెట్లు దిగి వచ్చారు. నన్ను కొడతారనుకుని ముడుచుకున్నాను. ఆయన నన్ను దాటుకుని వెళ్ళి మావయ్యగారి తడిచేతులు రెండూ పట్టుకున్నారు. "బావగారి మాటే నిజమండి. కాలు జారితే బాప్తిస్మం కాదు. చిలకరిస్తే మాత్రం అవుతుంది."

"అదీ అవదండి, బావగారూ."

"ఎందుకవదండీ?"

ఇద్దరూ చేతులు వదలకుండానే అక్కడే మొదలుపెట్టారు. నేను చలికి గజగజలాడుతుంటే తువ్వాలిచ్చిన నాథుడు లేడు, లెక్కల టీచరు తప్ప.

పెళ్ళి మా గంట చర్చిలో జరిగింది. అమ్మాయి మా ఇంటికి వచ్చేసింది కాబట్టి ఆవిడ సంగతి మీరే చూసుకోండి అన్నట్టు మందిరంవాళ్ళు వదిలేశారు. మావయ్యగారిని మాత్రం రొట్టె నుంచి ఆపారు. బాప్తిస్మం లేనివాళ్ళూ, చూడ్డానికి వచ్చినవాళ్ళూ కూర్చునే వెనక చాప మీద ఆయన్ని కూర్చోమన్నారు. కడియం వెళ్ళినప్పుడల్లా నేను ఆయన పక్కనే కూర్చునేవాణ్ణి. మొదటి ఆదివారం పళ్ళెం వరసలు దాటుకుంటూ వచ్చి, మా ముందు వరసలో ఆగి, వెనక్కి తిరిగిపోయింది. ఆయన తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నారు. నాకు ఆయన ముఖంలోకి చూడాలంటే భయం వేసింది.

"మావయ్యగారూ, నేను మునిగేస్తానండి," అన్నాను చెవిలో.

"ఎందుకూ?"

"మీ కోసమండి."

"మళ్ళీ అదే తప్పు చెప్తున్నావు నాయనా," అని నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వుకి ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

కొన్నేళ్ళకి సంఘం ఆయన్ని మళ్ళీ చేర్చుకుంది. గొడుగు పెద్దాయనే స్వయంగా వచ్చి కుడిచెయ్యి ఇచ్చి ముందుకి పిలిచారు. మావయ్యగారు సంతోషంగా చెయ్యి అందుకున్నారు గాని, వెనక గోడకి ఆనుకుంటే నడుంనొప్పి ఉండదని చెప్పి చాప మాత్రం మారలేదు. దాంతో ఇప్పుడు పళ్ళెం వెనకదాకా రావలసి వస్తోంది. ఆయన కాస్త తుంచుకుని, కళ్ళు మూసుకుంటారు. పళ్ళెం నా ఒడి మీదుగా మళ్ళీ ముందు వరసకి వెళ్ళిపోతుంది. ఆయన నన్నెప్పుడూ మునగమని అడగలేదు. మా చర్చికి వచ్చినప్పుడు రొట్టె ఇచ్చే మా బల్ల దగ్గరికి నాన్న పిలిచినా ఆయన రారు. బయటికొచ్చాక ఇద్దరూ చెట్టు కింద నిలబడి మళ్ళీ అదే వాదన, తర్వాత మా ఇంట్లో ఒకే గిన్నెలోంచి చేపల పులుసు.

నాకు నీళ్ళంటే భయం ఇంకా పోలేదు. కానీ ఈమధ్య ఆ పళ్ళెం నా మీదుగా వెళ్తున్నప్పుడల్లా, ఏదో ఒక రోజు ఎవరికోసమూ కాకుండా నా అంతట నేనే అడుగుతానేమో అనిపిస్తోంది. అడిగితే ముంచాల్సింది ఆయనే, ఇంకొకరి చేతుల్లోకి నేను వెళ్ళలేను. ఆయనకేమో మోకాళ్ళు వంగడం లేదు, రేవు మెట్లు దిగడానికి ఇద్దరు పట్టుకోవాలి. నేను తేల్చుకునేసరికి ఆయన ఉంటారా అని రాత్రిళ్ళు మెలకువ వస్తోంది. కిటికీ అద్దం మూసుకుని బస్సులో వణుకుతూ కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. పాపం, వాడికి నీళ్ళంటే తప్ప ఇంక దేనికీ భయం లేదు.